చెట్టు పేరు చెప్పి అమ్మే కాయలు

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అనే సామెత మన ఇళ్ళల్లో తరచుగా వినబడుతూనే ఉంటుంది. తాతగారి పేరో, మామగారి పేరో చెప్పుకుని కాలక్షేపం చేసేవారిని ఉద్దేశించి అంటూంటాం. వేసవికాలం వచ్చిందంటే మాత్రం ఆ సామెత అక్షరాలా నిజమవుతుంది. ఏ ఊరి బజారులో చూసినా తోపుడుబండి మీద పసుపుపచ్చగా పేర్చిన మామిడిపండ్లే. "ఎక్కడివి బాబూ?" అని అడిగామా, "నూజివీడువమ్మా" అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. అలా అమ్మే పండ్లన్నీ నూజివీడులోనే కాయాలంటే ఆ ఊరు పది జిల్లాలంత ఉండాలి! మనం ఆ పేరు విని సంచీలో వేసుకుంటాం. ఇంటికొచ్చి కోస్తే పైన పసుపు, లోపల తెలుపు. వాసనా ఉండదు, తీపీ ఉండదు. పిల్లలు ఒక ముక్క తిని పళ్ళెం పక్కకు నెట్టేస్తారు.

ఎందుకిలా జరుగుతోంది? పండులో దోషమా, చెట్టులో దోషమా, లేక చెట్టుకీ మనకీ మధ్యనున్న దారిలో దోషమా? ఈ సంగతి తెలియాలంటే తోట దాకా వెళ్ళి చూడాల్సిందే. నాసిక్ వైపు ద్రాక్షతోటలు చూడడానికి జనం పనిగట్టుకుని ప్రయాణమై వెళతారు. ఏ తోటలో పండిన ద్రాక్ష, ఏ నేల, ఏ ఏడాది పంట అని అడిగి మరీ తెలుసుకుంటారు. ఫ్రాన్సు దేశంలోనైతే ద్రాక్షసారాయికి దాన్నిచ్చిన నేల పేరే పెడతారు. ద్రాక్షసారాయితో మనకు పని లేకపోవచ్చు. కాని ఏడాదికోసారి కడుపారా తినే మామిడిపండు ఏ నేలలో, ఎవరి చేతిమీదుగా పండుతోందో తెలుసుకోవాలన్న ఆసక్తి మనకూ ఉండాలి కదా! ఆ ఉద్దేశంతోనే మా కాలనీ ఆడవాళ్ళం ఎనిమిదిమందిమి బెజవాడ నుంచి ఆగిరిపల్లి మీదుగా నూజివీడు వెళ్ళి, రసాయనాలు వాడకుండా పండించే ఒక మామిడితోటలో పగలంతా గడిపి వచ్చాం. అక్కడ చూసినవీ, విన్నవీ మీతో చెప్పుకోవాలనే ఈ ప్రసంగం.

నూజివీడు పాత జమీందారీ ఊరు. చాలాకాలం కృష్ణా జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల విభజనలో ఏలూరు జిల్లాలోకి వచ్చింది. చుట్టూ ఎర్రనేలలు. నీరు నిలవని నేల మామిడికి ఇష్టం. అందుకే తరాల తరబడి అక్కడ మామిడి స్థిరపడింది. మామిడి మీద పరిశోధన చేసే కేంద్రం కూడా ఆ ఊళ్ళో ఉంది.

మనకు బజారులో కనబడేది ఎక్కువగా బంగినపల్లి. దాని పేరు రాయలసీమలోని బనగానపల్లె నుంచి వచ్చింది. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. కాని నూజివీడు వాళ్ళు తమ సొంత బిడ్డగా చెప్పుకునేది రసాన్ని. చిన్నరసం, పెద్దరసం, చెరుకురసం, ఇంకా పంచదార కలశ, సువర్ణరేఖ. ఊరగాయలకు జలాలు, తెల్లగులాబి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క రుచి, ఒక్కొక్క వాసన. చిన్నరసాన్ని కత్తితో కొయ్యడం దాన్ని అవమానించడమే! మెత్తగా పిసికి, తొడిమ దగ్గర చిన్న చిల్లు చేసి, జుర్రుకోవాలి. మోచేతుల దాకా రసం కారకపోతే తిన్నట్టే కాదని మా అమ్మమ్మ అనేది.

మేం వెళ్ళిన తోట ఎనిమిదెకరాలు. దాన్ని చూసుకునేది అరవై ఏళ్ళు దాటిన ఒక ఇల్లాలు. మేమంతా ఆవిణ్ణి పిన్నిగారూ అనే పిలిచాం. భర్త పోయాక పదేళ్ళుగా తోట ఆవిడ చేతిలోనే ఉంది. "రండమ్మా, ముందు మజ్జిగ తాగండి, ఎండనపడి వచ్చారు. చెట్లెక్కడికీ పోవులే" అంటూ ఆహ్వానించారు.

తోటలో అడుగు పెట్టగానే తెలిసిన తేడా నేలది. మామూలు మామిడితోటల్లో నేల దున్నేసి బోడిగా, గట్టిగా ఉంటుంది. ఇక్కడ కాలు మెత్తగా దిగింది. రాలిన ఆకునంతా ఊడ్చి తగలబెట్టకుండా చెట్ల కింద పరుపులా పరిచి ఉంచారు. దీన్ని ఆచ్ఛాదన అంటారట. వానలకు ముందే చెట్ల మధ్య అలసంద, పెసర, జనుము, నువ్వు, జొన్న లాంటి గింజలు కలిపి చల్లుతారు. అవి మొలిచి నేలను కప్పుతాయి, ఎండకు తేమ ఆరిపోకుండా కాపాడతాయి, ఆ తరువాత అక్కడే ఎరువవుతాయి. "నేలకూ చీర కట్టాలమ్మా. ఒంటిమీద గుడ్డలేకుండా ఎండలో నిలబెడితే ఎవరు మాత్రం తట్టుకుంటారు?" అన్నారు పిన్నిగారు.

పాక కింద ఒక పెద్ద డ్రమ్ము ఉంది. అందులో జీవామృతం తయారవుతోంది. మన వంటింటి లెక్కలాగే దానికీ ఒక లెక్కుంది. 200 లీటర్ల నీళ్ళలో 10 కిలోల ఆవుపేడ, 5 నుంచి 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, గట్టుమీది మట్టి ఒక గుప్పెడు. రోజూ కర్రతో కలియబెడుతూ 2 రోజులు నీడలో పులియనిస్తారు. అది ఒక ఎకరానికి సరిపోతుంది. దోసెలపిండి పులియడం మనకు తెలుసు, పాలు తోడుకోవడం తెలుసు. ఇదీ అలాంటిదే. గుప్పెడు మట్టి తోడన్నమాట. బెల్లం, పిండి తిని అందులోని సూక్ష్మజీవులు పెరుగుతాయి. నేలలోకి వెళ్ళి, అక్కడున్న సారాన్ని వేళ్ళకు అందేలా చేస్తాయి. ఇది మొక్కకు నేరుగా వేసే తిండి కాదు, తిండి వండిపెట్టే వంటమనిషిని పంపడం లాంటిది.

ఈ పద్ధతి ఒక్క పిన్నిగారిది కాదు. మన రాష్ట్రంలో 2016 నుంచి రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం నడుస్తోంది. ఊళ్ళల్లోకి దాన్ని తీసుకెళ్ళింది ఎక్కువగా మహిళా సంఘాలే. పోర్చుగల్ దేశంలోని గుల్బెంకియన్ ఫౌండేషన్ మానవాళి సేవకు ఇచ్చే బహుమతిని 2024లో ముగ్గురికి కలిపి ప్రకటిస్తే, అందులో ఒకరు మన ఆంధ్ర ప్రకృతి వ్యవసాయదారులు. పేడ కలిపిన చేతులకు పది లక్షల యూరోల బహుమతిలో భాగం దక్కిందంటే ఆడవాళ్ళుగా మనం గర్వించాల్సిన విషయమే.

అయితే అంతా సుఖమేననుకోకండి. పూత వచ్చే పుష్య, మాఘ మాసాల్లో మామిడికి శత్రువులు ఒకరిద్దరు కాదు. తేనెమంచు పురుగు పూతలోని రసం పీల్చేస్తుంది. బూడిద తెగులు పూతను మాడ్చేస్తుంది. 2021లో మిరపతోటలను దెబ్బతీసిన నల్ల తామరపురుగు మామిడి పూతమీదకూ వచ్చింది. ఒక ఏడాది ఆ పురుగు మూలంగా తమ తోటలో పూతంతా రాలిపోయిందనీ, వేపాకు కషాయాలు ఎన్ని కొట్టినా లాభం లేకపోయిందనీ పిన్నిగారు దాచకుండా చెప్పారు. "మందు కొట్టిన పక్కతోటలో మాత్రం నిలిచిందా అంటే అదీ లేదు. వాళ్ళకు మందు ఖర్చు కూడా పోయింది, నాకు పంట ఒక్కటే పోయింది" అని నవ్వారు. ఆ నవ్వు వెనక ఎంత బాధ ఉందో మాకు తెలియకపోలేదు.

పండుఈగ సంగతి మరొకటి. చూడడానికి బాగున్న పండు కోస్తే లోపల పురుగులుంటాయి, చూశారా, అది ఈ ఈగ పనే. ఈ ఈగ మూలంగానే 2014 మే నెలలో ఐరోపా దేశాలు మన మామిడిపండ్లను రానివ్వమని నిషేధించి, 2015 జనవరిలో గాని మళ్ళీ తలుపు తియ్యలేదు. పిన్నిగారి తోటలో చెట్లకు ప్లాస్టిక్ బుట్టలు వేలాడదీశారు. వాటిల్లో పెట్టిన మిథైల్ యూజెనాల్ వాసనకు మగ ఈగలు వచ్చి పడిపోతాయి. దాంతో సంతతి తగ్గుతుంది. రాలిన కాయను ఏ పూటకాపూట ఏరి పారేయడం అంతకన్నా ముఖ్యమట. అందులోనే కదా పురుగు పెరిగేది! కొన్ని కొమ్మల్లో కాయకొక కాగితపు సంచీ తొడిగారు. పెళ్ళికూతురికి ముసుగు వేసినట్టు ముచ్చటగా ఉంది గాని, సంచీకి ధర, తొడగడానికి కూలి, రెండూ ఖర్చే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. బండి మీది పండు ఎందుకు చప్పగా ఉంటోంది? దీని మూలం మే నెలలో లేదు, జనవరిలో ఉంది. చాలామంది రైతులకు పంట చేతికొచ్చేదాకా ఆగే స్తోమతు ఉండదు. ఇంట్లో పెళ్ళి, అబ్బాయి చదువు, ఆసుపత్రి ఖర్చు ఏదో ఒకటి నెత్తిమీద ఉంటుంది. చెట్టు పూతమీద ఉండగానే వ్యాపారి వచ్చి తోట మొత్తానికి ఒక ధర కట్టి డబ్బు చేతిలో పెడతాడు. అక్కడితో ఆ ఏడాదికి తోట అతనిదే. అతనికి చెట్టు మీద మమకారం ఎందుకుంటుంది? పెట్టిన డబ్బు తొందరగా రావాలి. మందులు ఎడాపెడా కొట్టిస్తాడు. మామిడి సహజంగా ఒక ఏడు కాసి ఒక ఏడు విశ్రాంతి తీసుకునే చెట్టు. అలా విశ్రాంతి తీసుకోనివ్వకుండా పూత రప్పించడానికి పాక్లోబ్యుట్రజాల్ అనే మందు మొదట్లో పోసేవాళ్ళు కూడా ఉన్నారు. మోతాదు మించితే చెట్టు నీరసించిపోతుంది. మార్కెట్టులో మొదట దిగిన కాయకు ధర ఎక్కువ. అందుకని ఏప్రిల్ మొదట్లోనే, టెంక గట్టిపడకుండానే లేతకాయ కోసేస్తారు. లేతకాయ తనంతట తాను పండదు, వడిలిపోతుంది. దాన్ని పండినట్టు కనిపించేలా చెయ్యాలి. అక్కడ ప్రవేశిస్తుంది కార్బైడు.

కార్బైడంటే వెల్డింగు పని దగ్గర వాడే సరుకు. తడి తగిలితే దాన్నుంచి ఎసిటిలీన్ వాయువు వస్తుంది. దాని వేడికి, ప్రభావానికి కాయ తొక్క పసుపురంగుకు తిరుగుతుంది. లోపల తీపి మాత్రం పుట్టదు. పైగా బజారు కార్బైడులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్‌ల అంశ ఉంటుంది. పూర్వపు ఆహారకల్తీ నిరోధక నియమాల్లోనూ, 2011 నాటి ఆహార భద్రతా నిబంధనల్లోనూ దీనితో పండ్లు మాగబెట్టడం నిషిద్ధమే. 2015లో హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు పత్రికావార్తలు చూసి తనంతట తానే ఈ విషయాన్ని విచారణకు చేపట్టింది కూడా. ఇథిలీన్ వాయువు సంగతి వేరు. అది పండు తనలో తాను పుట్టించుకునే వాయువే. గదిలో 100 పీపీయం మించకుండా దాన్ని వాడవచ్చని 2016లో ఆహార భద్రతా సంస్థ అనుమతించింది. కాబట్టి గదిలో మాగబెట్టిన ప్రతి పండూ విషం కాదు. కాని లేతకాయ అయితే ఏ వాయువు పట్టినా రుచి రాదు, ఇది గుర్తు పెట్టుకోవాలి.

పిన్నిగారు తోటను పూతమీద అమ్మరు. ఆ ఒక్క నిర్ణయమే మిగతా అన్నిటికీ మూలం. కాయ బుజాలు నిండి, తొడిమ దగ్గర కాస్త గుంటపడి, చెట్టుమీద ఒకటో రెండో పండు వాటంతట అవే రాలాక గాని దోటి చేత పట్టనివ్వరు. దోటికి చిక్కం కట్టి, తొడిమతో సహా కాయను కిందపడకుండా దింపుతారు. తొడిమ విరిస్తే సొన కారుతుంది. ఆ సొన పడినచోట తొక్క మాడి మచ్చ పడుతుంది. అందుకే ఆడకూలీలు నీడలో కూర్చుని తొడిమలు విరిచి, కాయను కాసేపు బోర్లించి సొన ఓడనిచ్చి, అప్పుడు బుట్టలో వేస్తున్నారు. తరువాత వరిగడ్డిలో మాగవేస్తారు. మేం వెళ్ళినప్పుడు ఆ గది తలుపు తియ్యగానే వచ్చిన వాసన మాటల్లో చెప్పలేను.

మిగిలిపోయినవీ, మరీ పండినవీ వృథా పోవు. రసం తీసి, వడకట్టి, బెల్లం కలిపి చాపల మీద పలచగా పోసి ఎండబెడతారు. ఆరిన పొర మీద మళ్ళీ పొర. అలా పొరమీద పొర వేస్తూ పోతే మామిడితాండ్ర. ఈ విద్యకు విజయనగరం జిల్లా భీమాళి, గోదావరి ఒడ్డున ఆత్రేయపురం పేరుపొందిన ఊళ్ళు. నిలవ ఉంచే మందేమీ అక్కర్లేదు, మే నెల ఎండే దానికి మందు. తొక్కలు ఆవుకు, ఆవు పేడ డ్రమ్ములోకి, డ్రమ్ములోది చెట్టుకి. బయటినుంచి తెచ్చేది తక్కువ, పారేసేది తక్కువ. పొదుపైన ఇల్లాలి వంటిల్లు ఎలా ఉంటుందో ఆ తోట అలా ఉంది.

మరి అంత బాగున్న తోటకు దిగులు దేనికి? భోజనాల దగ్గర ఆ సంగతి వచ్చింది. ఆవిడ కొడుకు పట్నంలో ఉద్యోగం చేస్తున్నాడు. చెట్లు కొట్టించి ఆయిల్‌పామ్ వేద్దామంటాడు. చుట్టుపక్కల కొందరు అలాగే చేశారు. ఆ పంటకు నెలనెలా గెలలు కోసుకోవచ్చు, కొనేవాడు ఖాయంగా ఉంటాడు. మామిడి అలా కాదు, ఏడాదంతా కాపలా కాసి నెలన్నరలో అమ్ముకోవాలి. అదీ ధర ఉంటేనే. 2025లో చిత్తూరు వైపు తోతాపురి ధర పడిపోతే రైతుకు కిలోకు 12 రూపాయలు అందేలా చూడవలసి వచ్చింది. అందులో 8 రూపాయలు ఫ్యాక్టరీలు, 4 రూపాయలు ప్రభుత్వం ఇచ్చేట్టు ఏర్పాటు. కిలో మామిడికాయలు 12 రూపాయలు! మనం టీ తాగే డబ్బు.

"మీ అబ్బాయి చెప్పినదాంట్లో తప్పేముంది పిన్నిగారూ?" అని మాలో ఒకావిడ మెల్లగా అడిగింది.

"తప్పేం లేదమ్మా. వాడి లెక్క వాడిది. బంగినపల్లి చెట్లయితే ఈపాటికి నేనూ ఊఁ అనేదాన్నేమో. అది ఎక్కడైనా దొరుకుతుంది. ఈ చిన్నరసాలు మా మామగారు అంటు కట్టించినవి. కొట్టేస్తే మళ్ళీ ఎవరు వేస్తారు? కొనేవాళ్ళు అడగందే వ్యాపారి తీసుకోడు, వ్యాపారి తీసుకోందే రైతు వెయ్యడు" అన్నారు ఆవిడ.

ఈ మాట మమ్మల్ని ఆలోచనలో పడేసింది. నిజమే. చిన్నరసానికి తొక్క పలచన, రసం ఎక్కువ, నిలవ తక్కువ. లారీలో దూరప్రయాణానికి తట్టుకోదు. బంగినపల్లి, తోతాపురి తట్టుకుంటాయి. అందుకని బజారు వాటినే కోరుతుంది. దూరం పంపలేని పండును దగ్గరవాళ్ళు తినకపోతే ఇంకెవరు తింటారు? బెజవాడ, ఏలూరు, గుంటూరుల్లో ఉన్న మనమే దాన్ని మరిచిపోతే ఆ చెట్టు పొయ్యిలోకే.

ఇందులో మనం చెయ్యగలిగినవి నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను.

మొదటిది, తొందరపడకండి. ఉగాది పచ్చడికి కాయ కావాలి గాని పండుకు తొందరేమిటి? ఏప్రిల్ మొదటి వారంలో కనబడే పసుపుపచ్చని పండును చూసి ఆగండి. బంగినపల్లి ఏప్రిల్ సగం దాటాక, రసాలు మే నెలలో. మనం కొనడం మానేస్తే లేతకాయ కోసే అవసరం వ్యాపారికి ఉండదు.

రెండవది, కళ్ళతో కాదు, ముక్కుతో కొనండి. అన్ని వైపులా ఒకే పసుపురంగు ఉండి, వాసన లేకుండా, నొక్కితే గట్టిగా ఉంటే అనుమానించండి. చెట్టున పక్వానికొచ్చిన పండు అక్కడక్కడ ఆకుపచ్చగానే ఉంటుంది గాని తొడిమ దగ్గర వాసన దాగదు. పండు తినేముందు నీళ్ళలో వేసి కడగడం మన పెద్దల అలవాటు. సొన, దుమ్ము, పైనున్న మందు కొంత పోతాయి. ఆ అలవాటు వదలకండి.

మూడవది, వీలైతే పండు కాకుండా పక్వానికొచ్చిన కాయ కొని ఇంట్లోనే మాగబెట్టుకోండి. నీళ్ళలో వేస్తే ముదురుకాయ మునుగుతుంది, లేతది తేలుతుంది. ఫ్లాట్లలో వరిగడ్డి ఎక్కడిదంటారా? అట్టపెట్టెలో పాతకాగితాలు పరిచి, కాయలు ఒకదానిమీద ఒకటి పడకుండా ఒక్క వరస పేర్చి, మధ్యలో ఒక పండిన అరటిపండు పెట్టి మూత వెయ్యండి. బియ్యపు డబ్బా అయినా సరే. రోజూ ఒకసారి తీసి మెత్తబడినవి ఏరుకోండి. వారం లోపల ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది.

నాలుగవది, నలుగురూ కలవండి. మా కాలనీలో ఇరవై ఇళ్ళవాళ్ళం చేరి ఆ తోటనుంచి చిన్నరసాల పెట్టెలు తెప్పించుకున్నాం. కాయ ముదిరాకే కోస్తారు, మేమే మాగబెట్టుకుంటాం. ధర ఆవిడా మేమూ కూర్చుని అనుకున్నదే. బండి మీద కన్నా కాస్త ఎక్కువే పడుతుంది, ఆ మాట దాచనక్కరలేదు. కాని కోసిన పండు పారేసే పని లేదు గనక, చివరికి లెక్క సరిపోతుంది. ప్రకృతి పంట అని పేరు తగిలించి మామూలు సరుకు అమ్మేవాళ్ళూ బయలుదేరారు కాబట్టి, తెప్పించుకునే ముందు ఒక్కసారి తోటకు వెళ్ళి చూసి రండి. పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి. పండు బండిమీద కాయదనీ, చెట్టుకు కాస్తుందనీ వాళ్ళకూ తెలుస్తుంది.

మేం ఇరవై ఇళ్ళవాళ్ళం కొన్నంత మాత్రాన ఎనిమిదెకరాల తోట నిలబడిపోతుందని నేననను. ఎకరానికి నలభై చెట్ల లెక్కన అక్కడున్న మూడువందల పైచిలుకు చెట్ల కాపును మా ఇరవై పెట్టెలు ఏం తీరుస్తాయి? కాని ఇలాంటి కాలనీలు బెజవాడలో ఎన్ని లేవు! ఈ ఏడు మాత్రం కొడుకు మాట తరువాత చూద్దామని పిన్నిగారు చెట్లు ఉంచారు. వచ్చే ఏడు ఏమవుతుందో కొంత వానల చేతిలో ఉంది, కొంత ధర చేతిలో ఉంది, కొంత మాత్రం సంచీ పట్టుకుని బజారుకు వెళ్ళే మన చేతిలో ఉంది.

చెట్టు పేరు చెప్పి అమ్మితే కొనడం కాదు, చెట్టును ఎరిగి కొందాం. సెలవు.